ఏడు అంగుళాల కొలత: సొనోమా తీరంలో అబలోనీ వేట

అబలోనీ అంటే బండలకి అతుక్కుని బతికే ఒక పెద్ద సముద్రపు నత్త. కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన దాన్ని పట్టనిచ్చిన రోజుల్లో, దానికోసం మునగాలంటే ఊపిరి బిగబట్టే మునగాలి. స్కూబా సిలిండర్ వాడనిచ్చేవారు కాదు. నేను 2016 సీజన్‌లో మొదలుపెట్టాను. ఫిషింగ్ లైసెన్స్, దాంతోపాటు ట్యాగులున్న అబలోనీ రిపోర్ట్ కార్డు తీసుకున్నాను. అప్పట్లో రోజుకి 3, ఏడాదికి 18. అందులో సొనోమా, మారిన్ కౌంటీల నుంచి 9కి మించకూడదు. జులైలో పట్టకూడదు, పొద్దున 8 గంటలకి ముందు ముట్టుకోకూడదు. ఈ కాగితాల పని తొందరగానే తెమిలింది.

టెన్షన్ అంతా సముద్రంతోనే. ఎన్నో ఏళ్ళుగా డైవింగ్ చేస్తున్న ఆఫీసు సహోద్యోగి ఒకాయన నాకు ముందు స్విమ్మింగ్ పూల్‌లోనే ప్రాక్టీస్ చేయించారు. మందపాటి వెట్‌సూట్ వేసుకుంటే ఒళ్ళు పైకి తేలిపోతుంది. అందుకని నడుముకి సీసపు బరువుల బెల్టు. ప్రమాదం అనిపిస్తే ఒక్క చేత్తో లాగి ఆ బెల్టు వదిలేయడం అలవాటయ్యేదాకా ఆయన నన్ను తీరానికి తీసుకెళ్ళలేదు. ఇంట్లో బయల్దేరే ముందు బోడెగా బే దగ్గర సముద్రంలో తేలుతూ అలల్ని కొలిచే బోయ్‌లో అలల ఎత్తు చూసుకోవాలి. మేం వెళ్ళింది స్టిల్‌వాటర్ కోవ్. హైవే 1 మీద పోతుంటే పాదం, అల బొమ్మలున్న బోర్డులు కనిపిస్తాయి. అవి ఎవరైనా దిగగలిగే పబ్లిక్ తీరాలకు గుర్తు. ఒడ్డున నిలబడి చాలాసేపు అలల్నే చూశాం. పెద్ద అలలు గుంపుగా వచ్చి, తర్వాత కాస్త తెరిపి ఇస్తాయి. ఆ తెరిపిలోనే నీళ్ళలోకి దిగాలి.

నీళ్ళు ఎముకలు కొరికేంత చల్లగా ఉన్నాయి. బండ పగుళ్ళలో తల కిందికి పెట్టి వెతకాలి. అబలోనీ చిప్ప మీద నాచు పెరిగి బండలో కలిసిపోతుంది. చిప్ప అంచు కింద నల్లగా కదిలే కుచ్చు చూస్తే తప్ప అది ప్రాణి అని తెలీదు. ముందు గేజ్ పెట్టి కొలవాలి, చిప్ప 7 అంగుళాలకి తగ్గకూడదు. కొలిచేటప్పుడు గట్టిగా తగిలితే అది బండకి అతుక్కుపోతుంది, ఇక కదలదు. ఐరన్ అనే ఇనుప బద్దని ఒక్క విసురున కింద దూర్చి, పిడిని పైకెత్తాలి. అప్పుడు కొస బండకి ఆనుతుంది, మాంసంలోకి దిగదు. దాని రక్తం గడ్డకట్టదు, గాయమైతే బతకడం కష్టం. అందుకే బద్ద అంచులు గుండ్రంగా ఉండాలని రూల్ ఉండేది. పొరపాటున చిన్నది ఊడివస్తే తీసిన బండ మీదే తిరిగి అతికించాలి. సైజుకి సరిపోయింది ఊడదీశాక, దీనికంటే పెద్దది దొరికిందని వదిలేయడానికి వీలుండేది కాదు. ఆ సైజుకి రావడానికి దానికి దాదాపు 12 ఏళ్ళు పడుతుంది. ఈ రూల్స్ ఇంత గట్టిగా ఉండటం నాకు పూర్తిగా న్యాయమనిపించింది.

ఒడ్డుకి రాగానే చిప్ప రంధ్రంలోంచి దారం దూర్చి ట్యాగు కట్టి, కార్డులో టైము, చోటు రాశాను. ఇంటికెళ్ళి మాంసాన్ని పల్చగా కోసి, సుత్తితో మెత్తబడేదాకా కొట్టి, మిరియాలు, కరివేపాకుతో వేయించాం. మా ఆవిడకి బాగా నచ్చింది. సీజన్ అయిపోయాక, జనవరి 31 లోపు కార్డు వివరాలు పంపేశాను.

ఆ రోజు అడుగున చూసిందే మనసులోంచి పోలేదు. కెల్ప్ అనే పొడుగాటి సముద్రపు నాచు అడవిలా ఉండాల్సిన చోట బోడి రాళ్ళు, వాటి నిండా ఆ కెల్ప్‌ని మేసేసే ఊదారంగు అర్చిన్లు, ముళ్ళ బంతుల్లాంటి ప్రాణులు. 2013 నుంచి వచ్చిన జబ్బుకి, అర్చిన్లని తినే సన్‌ఫ్లవర్ స్టార్‌ఫిష్‌లు చచ్చిపోయాయి. దానికి తోడు నీళ్ళు వేడెక్కాయి. ఉత్తర తీరంలో కెల్ప్ 90 శాతానికి పైగా పోయింది, తిండి లేక అబలోనీలు చిక్కిపోయాయి. 2017 డిసెంబరులో కాలిఫోర్నియా ఫిష్ అండ్ గేమ్ కమిషన్ తర్వాతి సీజన్‌ని మూసేసింది, ఆ తర్వాత మూసివేతని పొడిగించింది. మూయాల్సిందే, నేను దాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. ఇప్పుడు అక్కడికి డైవింగ్‌కి వెళ్ళేవాళ్ళు అబలోనీని ముట్టుకోకండి, కొలిచి చూడటానికి కూడా. లైసెన్స్ ఉంటే ఊదా అర్చిన్లు పట్టొచ్చు. అయితే బయల్దేరే రోజున ఆ కౌంటీ పరిమితి ఎంతో చూసుకోండి.