ఎక్స్ ప్లస్ వై, మొత్తం బై రెండు

మన బడి టైంటేబుల్లో వారానికో ఎస్‌యూపీడబ్ల్యూ పీరియడ్, అంటే సమాజానికి పనికొచ్చే ఉత్పాదక పని నేర్పే గంట, ఉండేది, గుర్తుందా? 1977 నాటి ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ సిఫార్సుతో దేశంలోని బడుల్లోకి వచ్చింది అది. చాలాచోట్ల ఆ గంటలో కాగితం కవర్లు అంటించి, మార్కులు వేసి ముగించేవారు. మన సోషల్ సార్ దాన్ని శనివారం ఆఖరి పీరియడ్‌గా మార్పించి, తొమ్మిదో తరగతి పిల్లల్లో ఇష్టమున్నవాళ్ళని నయాపూల్ దాటించి, పాతబస్తీలోని అంధుల బడికి తీసుకెళ్ళేవారు. తొంభైల సంగతి. నా చదువులో నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది ఆ గంటే అని మన పూర్వ విద్యార్థుల ఈ సంచికలో రాసుకునే అవకాశం వచ్చినందుకు సంతోషంగా ఉంది.

అక్కడ మాకు రెండు పనులు. ఒకటి, పదో తరగతి పాఠాలు చదివి క్యాసెట్లలో నింపడం. బ్రెయిలీ పుస్తకాలు చాలక ఒక్కో దానికి నలుగురైదుగురు ఎదురుచూసేవారు, అందుకే క్యాసెట్లు. ప్లే, రికార్డ్ బటన్లు కలిపి నొక్కాలి, ఫ్యాన్ ఆపాలి, పేజీ మారినప్పుడల్లా నంబరు చెప్పాలి, అరవై నిమిషాల క్యాసెట్‌కి ఒక వైపు ముప్పై నిమిషాలే కాబట్టి పేరా మధ్యలో తెగకుండా చూసుకోవాలి. బొమ్మ వస్తే అసలు కష్టం. గుండె బొమ్మను మాటల్లో చెప్పాలంటే ఏ గది పైన, ఏది కింద, చెడు రక్తం ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో ముందు మనకు తెలియాలి. బొమ్మ గీసి పేర్లు పెట్టి మార్కులు తెచ్చుకున్నవాళ్ళం, చెప్పమంటే ఆగిపోయేవాళ్ళం. సార్ మమ్మల్ని మళ్ళీ పుస్తకం దగ్గరికి పంపేవారు.

రెండోది పరీక్ష రాసిపెట్టడం. చూపులేని విద్యార్థి పదో తరగతి పరీక్షకు తొమ్మిదో తరగతి పిల్లవాడే స్క్రైబ్‌గా కూర్చోవాలి. కింది తరగతివాడైతే తన తెలివి కలపలేడని ఆ నిబంధన. మార్చిలో పరీక్షలైతే మేం దసరా సెలవుల తర్వాత నుంచే ఒక్కొక్కరం ఒక్కో అన్నతో జతగా కూర్చునేవాళ్ళం. నాతో జతపడిన అన్నవాళ్ళది మహబూబ్‌నగర్ వైపు పల్లె. లెక్కలంటే ప్రాణం. టేలర్ ఫ్రేమ్ మీద, అంటే చూపులేనివాళ్ళు తడిమి లెక్కలు చేసే రంధ్రాల పలక మీద, లోహపు పుల్లలు తడుముకుంటూ నాకంటే ముందే జవాబు చెప్పేవాడు.

మొదటివారంలోనే చిక్కొచ్చింది. "ఎక్స్ ప్లస్ వై బై రెండు" అన్నాడు. రెంటినీ కలిపి రెండుతో భాగించాలా, ఒక్క వైనేనా? కాగితం మీద చూసేవాడికి గీత పొడవు చెబుతుంది, నోటిమాటలో గీత ఉండదు. ఇద్దరం కూర్చుని ఒప్పందం చేసుకున్నాం. అంతా కలిపి అయితే "మొత్తం బై రెండు" అనాలి, బ్రాకెట్ తెరిచినా మూసినా చెప్పాలి, నేను ప్రతి లైనూ తిరిగి చదవాలి. "తమ్మీ, రాసింది ఒకపారి సదివి వినిపియ్" అనేవాడు, ప్రతిసారీ, విసుగు లేకుండా. నేనూ విసుక్కోకుండా చదవడం అక్కడే అలవాటైంది.

తెలుగు పేపరుకి ఇంకో సంగతి. 1951 నుంచి మన భాషలన్నిటికీ కలిపి వాడుతున్న భారతి బ్రెయిలీలో గుణింతం గుర్తులు వేరుగా ఉండవు. 'కి' రాయాలంటే క పెట్టి పక్కన ఇ పెడతారు. వత్తులూ అంతే, కింద వేలాడవు, అన్నీ వరసలోనే. అందుకని వత్తు అంటే అక్షరం కింద అక్షరమని ఆ అన్నకి వినికిడి తప్ప తెలియదు. ఒకరోజు అరచెయ్యి చాపి రాయమన్నాడు. 'అమ్మ' రాశాను, మ కింద మావత్తు వేలితో దిద్దాను. ఇంకోసారి రాయించుకుని, ఆ తర్వాత తన పేరు, ఊరి పేరు కూడా రాయించుకున్నాడు.

ఇక పరీక్ష హాలు. ఆ నిబంధనలోని ఉద్దేశం మాకు మాత్రం వర్తించదు, ఎందుకంటే క్యాసెట్లకు చదివి చదివి పదో తరగతి పాఠాలు మాకూ నోటికి వచ్చేశాయి. సామాన్యశాస్త్రంలో ఒక ప్రశ్న దగ్గర అన్న తడబడ్డాడు. జవాబు నాకు తెలుసు, పేజీతో సహా. కలం పట్టుకుని ఊరుకోవాలి. అతను చెప్పిందే, అతను చెప్పినట్టే రాయాలి, నాకు తోచిన మంచి మాట కూడా పెట్టకూడదు. ఆ మార్కులు అతనివి కావాలంటే నేను ఆ కాసేపు చెయ్యి మాత్రమే. పద్నాలుగేళ్ళ వయసులో ఇంత గట్టిగా నన్ను నేను అదుపులో పెట్టుకున్న సందర్భం మరొకటి లేదు. కొంతసేపటికి అతనే గుర్తు తెచ్చుకుని చెప్పాడు, రాశాను. సేవ అంటే ఇవ్వడమని అప్పటిదాకా అనుకున్నాను. అవతలివాళ్ళ పని వాళ్ళకే వదిలి, పక్కన నమ్మకంగా కూర్చోవడం అంతకంటే కష్టమని, అవసరమని తెలిసింది.

తల్లిదండ్రుల్లో కొందరు అభ్యంతరం చెప్పారు. వచ్చే ఏడు పదో తరగతి, ఇప్పుడు వీళ్ళకు ఇవన్నీ ఎందుకు అని. సార్ వాళ్ళకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ సంగతి చెప్పారు. ఇంకా బాలికగా ఉండగానే ఆడవాళ్ళకు హిందీ బడి నడిపారావిడ. మన విద్యానగర్‌లో ఆవిడ పేరు రోజూ చదువుతూనే వెళతాం కదా. మాలో ఎవరికీ మార్కులు తగ్గలేదు, నిజానికి పదో తరగతి మాకు చదివేసిన పుస్తకమే అయింది. కానీ తగ్గి ఉన్నా ఆ గంట దండగయ్యేది కాదని ఇప్పటికీ నా అభిప్రాయం.

ఇప్పుడు క్యాసెట్ల పని ఫోన్లు చేస్తున్నాయి, పుస్తకాన్ని గడగడా చదివి వినిపిస్తున్నాయి. స్క్రైబ్ అవసరం మాత్రం తీరలేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం స్క్రైబ్‌నీ, అదనపు సమయాన్నీ ఇవ్వాలంది. 2018 కేంద్ర మార్గదర్శకాలు, పరీక్ష పెట్టేవాళ్ళే స్క్రైబ్‌ను ఇస్తే, అభ్యర్థి ఆ స్క్రైబ్‌ను పరీక్షకు రెండు రోజుల ముందు కలుసుకోవచ్చన్నాయి. రెండు రోజుల్లో పేరు తెలుస్తుంది, గొంతు తెలుస్తుంది. "మొత్తం బై రెండు" లాంటి ఒప్పందాలు కుదరాలంటే నెలలు కావాలి. ఏటా పరీక్షలు ముంచుకొచ్చాక "స్క్రైబ్ కావాలి, అర్జెంట్" అని వాట్సాప్‌లో తిరిగే సందేశాలు చూస్తే నాకు బాధగా ఉంటుంది.

పూర్వ విద్యార్థుల సంఘాన్ని అడిగేది ఒకటే. సర్టిఫికెట్ల కోసం ఏడాదికోసారి చీపుర్లు పట్టించి ఫొటోలు తీసే కార్యక్రమం బదులు, ఈ దసరా సెలవులు కాగానే తొమ్మిదో తరగతి పిల్లల జాబితా తయారుచేసి, శనివారాలు అంధుల బడికి పంపుదాం. రానుపోను బండి ఖర్చు మన బ్యాచ్ పెట్టుకుంటుంది. వెంట వెళ్ళడానికి పెద్దవాళ్ళు కావాలి, మొదటి శనివారానికి నా పేరు రాసుకోండి.