28 నిమిషాలు తక్కువైన మా మ్యారేజ్ లైసెన్స్ - నా అనుభవం

మా పెళ్లి ముహూర్తం ఆదివారం పొద్దున 9:52కి. తెనాలిలో మా సిద్ధాంతి గారు డాలస్ అక్షాంశం రేఖాంశం అడిగి మరీ పెట్టారు, ఎందుకంటే ఇండియా టైములోంచి పదకొండున్నర గంటలు తీసేస్తే సరిపోదంట, లగ్నం ఊరిని బట్టి మారిపోతుందంట. అంత లెక్కగా పెట్టిన ముహూర్తానికి కౌంటీ (మన జిల్లా లాంటిది) వాళ్లిచ్చిన కాగితం 28 నిమిషాల తేడాతో అడ్డం పడింది. తప్పు ఆఫీసు వాళ్లది కాదు, అచ్చంగా మాదే. టెక్సాస్‌లో పెళ్లి పెట్టుకున్న మనవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా.

ఇండియా వెళ్లి చేసుకోవాలనే ఉండేది ఇద్దరికీ. కానీ వెళ్తే తిరిగి రావడానికి వీసా స్టాంపింగ్‌కి స్లాట్ ఎప్పుడు దొరుకుతుందో తెలీదు, బావకి (పెళ్లికొడుకే) ప్రాజెక్ట్ నడుస్తోంది, నా ఓపీటీ (చదువయ్యాక పని చేసుకోనిచ్చే పర్మిషన్) అయిపోవస్తోంది, పెద్దవాళ్లకి విజిటర్ వీసాలు ఉన్నాయి కాబట్టి చివరికి వాళ్లే వచ్చేశారు. గుడి హాలు, పంతులు గారు, భోజనాలు, కొబ్బరి బోండాలు, తలంబ్రాల ముత్యాలు అన్నిటికీ అమ్మ ఒక పెద్ద లిస్ట్ రాసింది. అందులో లైసెన్స్ ఎక్కడో కింద, కుర్చీల కవర్ల తర్వాత ఉంది. మన బుర్రలో ఏముంటుందంటే పెళ్లి అయ్యాక శుభలేఖ, ఫోటోలు పట్టుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్తే రిజిస్టర్ చేస్తారు, అంతే కదా అని. ఇక్కడ రివర్స్. ముందు కౌంటీ క్లర్క్ దగ్గర లైసెన్స్ తీసుకోవాలి, ఆ కాగితం చేతిలో ఉంటేనే పంతులు గారైనా జడ్జి అయినా పెళ్లి చేస్తారు, చేశాక వాళ్లు సంతకం పెట్టిన కాగితం మళ్లీ అదే ఆఫీసుకి వెళ్తే అప్పుడు రికార్డ్ అవుతుంది.

బుధవారం మధ్యాహ్నం బయల్దేరాం. టోల్‌వే మీద ఎక్కడో యాక్సిడెంట్, చేరేసరికి 4:10 అయింది. ఆఫీసు నాలుగున్నర దాకా ఉంటుంది కానీ మ్యారేజ్ లైసెన్స్ అప్లికేషన్లు మాత్రం నాలుగింటికే ఆపేస్తారంట, ఆ మాట తలుపు మీదే రాసి ఉంది, వాళ్ల వెబ్‌సైట్‌లో కూడా ఉంది, మేమే చూళ్లేదు. సరేలే రేపొద్దాం అనుకుని పక్కన టీ తాగి తిరిగొచ్చేశాం. ఆ టీ ఎంత ఖరీదైందో మర్నాడు తెలిసింది.

గురువారం పొద్దున్నే వెళ్లాం. ఇద్దరూ కలిసి వెళ్లాలి, ఒక్కళ్లు వెళ్తే మామూలుగా పని అవ్వదు. పాస్‌పోర్టులు తీసుకెళ్లాం, సోషల్ సెక్యూరిటీ నంబర్లు చెప్పాం, బ్లడ్ టెస్టులు గట్రా ఏమీ లేవు, సాక్షులు కూడా అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో ముందే వివరాలు నింపి పెట్టాం కాబట్టి అక్కడ చదివి సరిచూసుకోవడమే పని. కౌంటర్‌లో ఒక పెద్దావిడ, మెడలో గొలుసుకి కళ్లజోడు వేలాడదీసుకుని, స్క్రీన్ మా వైపు తిప్పి ఒక్కో అక్షరం చదవమంది, ప్రింట్ అయ్యాక మార్చాలంటే పెద్ద తతంగం అని. నా పేరులో వెంకట మధ్యలోకి వెళ్లిపోయి ఉంది, అది పాస్‌పోర్టులో ఎలా ఉందో అలా పెట్టించాను. బావ పుట్టింది ఖమ్మం. పాస్‌పోర్టులో ఖమ్మం, ఆంధ్రప్రదేశ్ అని ఉంది, 2014కి ముందు తీసుకున్నది మరి. ఈయనేమో తెలంగాణ అని రాయిద్దాం అంటాడు, ఆవిడ ఆ పేరు స్పెల్లింగ్ అడుగుతోంది, నేను కాలితో తన్ని పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉంచమన్నాను. రేపు బావ వీసా మీద భార్యగా నాకు హెచ్-4 వీసాకి వేసేటప్పుడు రెండు కాగితాల్లో రెండు రాష్ట్రాలు కనపడితే ఎవడికి సమాధానం చెప్పాలి.

అసలు భయపడింది తర్వాతి ప్రశ్నకి. అప్లికేషన్‌లో మీ ఇద్దరికీ చుట్టరికం ఉందా అని ఒక భాగం ఉంటుంది. అన్నాచెల్లెళ్లు కాదు, మేనమామ కాదు, ఆఖరికి అమ్మ తోబుట్టువుల పిల్లలు, నాన్న తోబుట్టువుల పిల్లలు కూడా కాదు అని టిక్ పెట్టాలి. అంటే మన సొంత మేనరికం టెక్సాస్‌లో కుదరదు, 2005 నుంచి చట్టమే ఒప్పుకోదు. నేను అప్పటిదాకా ఆవిడ ముందే "బావా పెన్ను ఇవ్వు, బావా ఇక్కడ చూడు" అంటున్నాను! ఆవిడకి తెలుగు రాదు కాబట్టి బతికిపోయాను. మాది అంత దగ్గర చుట్టరికం కాదులెండి. మా నాయనమ్మ చెల్లెలి కూతురి కొడుకు, వరసకి బావ, అంటే మా నాన్నా వాళ్లమ్మా అక్కాచెల్లెళ్ల పిల్లలు. ఇంకో మెట్టు దూరం కాబట్టి పర్లేదు. టిక్ పెట్టేముందు ఇద్దరం వేళ్ల మీద రెండుసార్లు లెక్కపెట్టుకున్నాం, ఆవిడ ఏమనుకుందో ఏమో.

కుడి చెయ్యి పైకెత్తి అంతా నిజమే అని ప్రమాణం చేయించింది. ఫీజు మాకు 80 డాలర్ల పైచిలుకు అయింది, కౌంటీని బట్టి కాస్త మారుతుంది. కాగితం ప్రింట్ చేసి దాని మీద టైమ్ చుట్టూ పసుపు మార్కర్‌తో గుండ్రంగా గీసింది. 10:20. డెబ్భై రెండు గంటల తర్వాతే పెళ్లి, 90 రోజుల లోపు చేసుకోవాలి, అయ్యాక 30 రోజుల్లో మాకు చేరాలి, కంగ్రాచులేషన్స్ అని నవ్వింది. మేమూ నవ్వి బయటికొచ్చేశాం.

కారు ఎక్కాక బావ సీటు బెల్ట్ పెట్టుకుంటూ ఆగిపోయాడు. శుక్ర, శని, ఆది, మూడు రోజులు కదా, సరిపోయింది కదా అంటున్నాను నేను. "రోజులు కాదే, గంటలు" అన్నాడు. ఆదివారం 10:20 దాకా పెళ్లి చెయ్యకూడదు. ముహూర్తం 9:52.

మళ్లీ లోపలికి పరిగెత్తాం. ఆవిడ పాపం ఓపిగ్గా చెప్పింది. ఆ వెయిటింగ్ లేకుండా ఉండాలంటే టుగెదర్ ఇన్ టెక్సాస్ (Twogether in Texas) అనే 8 గంటల ప్రీమారిటల్ క్లాస్ చేసి ఆ సర్టిఫికెట్ అప్లై చేసేటప్పుడే తేవాలి, అది ఉంటే లైసెన్స్ ఫీజులో 60 డాలర్లు కూడా తగ్గేవి. మిలిటరీలో డ్యూటీలో ఉన్నవాళ్లకి మినహాయింపు. లేదంటే జడ్జి గారు సరైన కారణం ఉందని రాసిస్తే కుదురుతుంది. జడ్జి గారికి ఏమని రాయాలి, మా తెనాలి సిద్ధాంతి గారు 9:52 అన్నారండీ అనా? బావ సీరియస్‌గానే ఫోన్‌లో డ్రాఫ్ట్ మొదలుపెట్టాడు, నేను ఆపాను.

ఇంటికొచ్చి చెప్తే అమ్మ మొహం చూడాలి. నాన్న నన్ను తిట్టడం, అత్తయ్య బావని తిట్టడం అయ్యాక పంతులు గారికి ఫోన్ చేశాం. ఆయన అసలు కంగారే పడలేదు, ఇక్కడ ఎన్ని పెళ్లిళ్లు చేసుంటారో. "అమ్మా, 9:52కి మీరు పెట్టుకునేది జీలకర్ర బెల్లం. తర్వాత మాంగల్యధారణ, తలంబ్రాలు, హోమం, సప్తపది. సప్తపది అయ్యేసరికి పదకొండు దాటుతుంది. నేను కాగితం మీద సంతకం పెట్టేది దాని తర్వాతే. అప్పుడు ఇంగ్లీషులో కూడా ఒకసారి అడుగుతాను, ఇద్దరూ గట్టిగా చెప్పండి" అన్నారు. రెవెన్యూలో రిటైరైన మా మామయ్య గారు వెంటనే అందుకుని, 1955 హిందూ వివాహ చట్టం సెక్షన్ 7లోనే ఉంది, సప్తపది ఉన్న పెళ్లి ఏడో అడుగుతోనే పూర్తవుతుంది అని చెప్పి, ఆ రోజంతా వచ్చినవాళ్లందరికీ ఆ సెక్షన్ చదివి వినిపించారు. ఆ చట్టం ఇండియాదండీ, ఇక్కడ టెక్సాస్ అంటే వినరు.

ఆదివారం అలాగే జరిగింది. జీలకర్ర బెల్లం టైముకే పెట్టుకున్నాం. హోమం పొగకి నా కళ్లు మండిపోతున్నాయి, ఏడో అడుగు వేశాక పంతులు గారు మైక్ పక్కన పెట్టి వాచీ చూసుకున్నారు, 11:25. ఒక్కసారిగా ఇంగ్లీషులోకి మారి ఒకరినొకరు భార్యాభర్తలుగా ఒప్పుకుంటున్నారా అని మమ్మల్ని అడిగారు, ఇద్దరం ఎస్ అన్నాం, వెనకాల మా తమ్ముడు ఈల వేశాడు. తర్వాత ఆయనే లైసెన్స్ మీద తేదీ, కౌంటీ పేరు, తన పేరు, హోదా నల్ల పెన్నుతో నింపి సంతకం పెట్టారు. బాసికం ఊడిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని ఆ కాగితం మీద పసుపు నీళ్లు పడకుండా ఇంకో చేత్తో నేనే అడ్డం పెట్టాను.

సోమవారం మేమే వెళ్లి ఇచ్చేశాం, పోస్టులో పోతే ఎవరిది బాధ్యత. మూడు సర్టిఫైడ్ కాపీలు తీసుకున్నాం, ఒకటి హెచ్-4 ఫైలుకి, ఒకటి ఇంట్లోకి, ఇంకోటి ఆస్టిన్‌లో సెక్రెటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసుకి పంపి అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా ఇచ్చే ధృవీకరణ) చేయించాం, కాగితానికి 15 డాలర్లు, ఇండియాలో చూపించడానికి పనికొస్తుందని. నా ఇంటిపేరు మాత్రం మార్చుకోలేదు, పాస్‌పోర్ట్, వీసా, డ్రైవింగ్ లైసెన్స్, బ్యాంక్ అన్నీ తిప్పే ఓపిక లేదు.

ఒరిజినల్ కొన్నాళ్లకి ఇంటికి పోస్టులో వచ్చింది. అమ్మ కళ్లజోడు పెట్టుకుని అంతా చూసి, ఆ పసుపు మార్కర్ దగ్గర వేలు పెట్టి ఇదేంటే అంది. గురువారం 10:20కి ఇచ్చారమ్మా అన్నాను. కాసేపు ఆలోచించి, "గురువారం రాహుకాలం ఒంటిగంటన్నరకి కదా, పర్లేదులే" అని కవర్లో పెట్టేసింది.