జెర్సీ ఫ్లెగ్, మా అబ్బాయి, పారమాట్టా

మా అబ్బాయి రగ్బీ లీగ్ ఆడతాడని తెలియగానే పశ్చిమ సిడ్నీలోని తెలుగువాళ్ళు మొదట అడిగేది, దెబ్బలు తగలవా అని. ఆ వెంటనే, క్రికెట్‌లో చేర్చవచ్చు కదా అంటారు. దెబ్బల భయం నాకూ ఉంది. క్రికెట్ సలహా మాత్రం నచ్చదు. టూంగాబీలో పెరిగే పిల్లవాడికి, తోటి పిల్లలంతా ప్రాణంగా చూసుకునే ఆట పరాయిది ఎందుకు కావాలి?

గుంటూరులో ఉన్న మా అమ్మకు ఈ ఆట గురించి వాడే ఫోనులో చెప్పాడు: "నానమ్మా, కబడ్డీలో పట్టు పట్టినట్టే ఇక్కడా పడతారు. ఆరు పట్లు పూర్తయ్యేలోగా గీత దాటి బంతిని నేలకు ఆనించాలి." ఆమె ఇట్టే గ్రహించింది.

వాడికి నేను తరచు చెప్పేది హెన్రీ ఫ్లెగ్ గురించి. అందరూ ఆయనను జెర్సీ ఫ్లెగ్ అనేవారు. 1878లో ఇంగ్లండ్‌లోని బోల్టన్‌లో పుట్టి, చిన్నతనంలోనే ఆస్ట్రేలియా చేరిన మనిషి. 1907లో అలెక్ బర్డన్ అనే ఆటగాడు గాయపడి పనికి వెళ్ళలేకపోతే, పోయిన సంపాదన ఇచ్చే ఏర్పాటు అప్పటిదాకా రగ్బీని నడిపిన రగ్బీ యూనియన్‌లో లేదు. పనికి వెళితే తప్ప ఇల్లు గడవని ఆటగాళ్ళలో అప్పటికే ఉన్న కోపం దీంతో పెరిగింది. ఆ ఏడాది ఆగస్టులోనే దాని నుంచి విడిపోయి న్యూ సౌత్ వేల్స్ రగ్బీ లీగ్ ఏర్పడింది. మరుసటి ఏడాది తొలి పోటీల్లో ఈస్టర్న్ సబర్బ్స్ జట్టుకు ఫ్లెగ్ కెప్టెన్. ఆ జట్టు ఫైనల్ దాకా వెళ్ళి, సౌత్ సిడ్నీ చేతిలో 14–12 తేడాతో ఓడింది.

ఆయన ఆడింది కొద్దికాలమే. ఆ తరువాతి జీవితమే నన్ను ఎక్కువగా కదిలిస్తుంది. 1929లో లీగ్ అధ్యక్షుడై, 1960లో కన్నుమూసేవరకు ఆ బాధ్యతలోనే ఉన్నారు. 1941 నుంచి దేశం మొత్తానికి ఆటను నడిపే బోర్డుకూ ఆయనే పెద్ద. 1947లో మ్యాన్లీతో పాటు మా పారమాట్టా జట్టుకు లీగ్‌లో చోటు దక్కింది కూడా ఆయన హయాంలోనే. దూర దేశం నుంచి వచ్చిన పిల్లవాడు ఈ నగరంలో ఎవరు ఎక్కడ ఆడాలో నిర్ణయించే స్థానానికి ఎదిగాడంటే, గోల్ స్తంభాల మధ్య పరుగెత్తి మాత్రమే కాదు, ఏళ్ళ తరబడి సమావేశాల్లో కూర్చుని.

మనవాళ్ళలో చాలామంది పిల్లలను మైదానం దగ్గర దింపి, ఆట అయ్యేదాకా కారులో ఫోను చూస్తూ ఉంటారు. గీతలు గీయడం, క్యాంటీన్ నడపడం, సమయం చూడడం, పేర్లు నమోదు చేయడం, ఇవన్నీ వేరే తల్లిదండ్రులు జీతం లేకుండా చేస్తారు. పిల్లలకు ఇది కనబడుతుంది. ఈ ఊరు మనది అని ఇంట్లో ఎంత చెప్పినా, పని పంచుకోని చోట మనం అతిథులమేనని వాళ్ళు గ్రహిస్తారు. అందుకే నేను క్లబ్బు కమిటీలో చేరాను. శనివారం తెలుగు బడి సమయం ఆటకు అడ్డు రాకుండా మార్చమని బడివాళ్ళను అడిగింది కూడా అందుకే. రెండూ వదలకూడదు.

ఫ్లెగ్ పేరిట యువకుల పోటీ 1961లో మొదలైంది. అందులో ఆడాలని మావాడి కోరిక. ఆడినా ఆడకపోయినా, ముందు రిఫరీ శిక్షణ తీసుకోమన్నాను, ఒప్పుకున్నాడు. వచ్చే వార్షిక సమావేశంలో కోశాధికారి పదవి ఖాళీ అవుతోంది. లెక్కల్లో దిట్టలైన ఇద్దరు తెలుగు తల్లులను అడిగాను. ఒకరు పేరు ఇచ్చారు.