దుప్పటి మీద డిప్లొమా

"ఈ పువ్వుల దుప్పటి కూడా సర్టిఫికెట్టేనా?" అని మా హెచ్‌ఆర్ ఆవిడ అందరి ముందర అడిగేసరికి నాకు తల కొట్టేసినట్టయింది. కువైట్‌లో మా కంపెనీలో ఒక పోస్టు ఖాళీ పడితే కడపలో ఉండే మా చిన్నాయన కొడుక్కి చెప్పింటి. వాడు పాస్‌పోర్టు, డిప్లొమా, మార్కుల మెమోలు అన్నీ మంచం మీద పరిచి ఫోన్‌తో ఫోటోలు కొట్టి అట్లే మెయిల్ పెట్టేసినాడు. ఆమె జూమ్ చేసి మరీ చూపిస్తాంది, ఒక మూల వాని బొటనవేలు, మెమో మధ్యలో ఫోన్ నీడ, చుట్టూ ఎర్ర పువ్వులు. అంతటితో ఆపింటే సరిపోయేది, "మీ ఆంధ్రావాళ్ళంతా ఇంతే" అనింది. ఆమెదేమో కేరళ. ఏ ఈజిప్టు ఇంజనీరో అనింటే పోనీలే అనుకుందును, సాటి ఇండియా మనిషి అనేసరికి మంటెత్తింది.

నేను చేసేదే డాక్యుమెంట్ కంట్రోలర్ పని, పొద్దున్నించి డ్రాయింగులు, లెటర్లు పీడీఎఫ్ చేసి రివిజన్ నెంబర్ వేసి కన్సల్టెంటుకు పంపడమే, కాబట్టి ఫైలు గురించి ఆమె అనిందాంట్లో న్యాయం లేదని అనను. కానీ మావాడు తెలివి తక్కువోడేం కాదు, వానికి ఎప్పుడూ ఆ అవసరం రాలేదు అంతే. మా పక్క ఏ ఆఫీసుకైనా ఒరిజినల్ చంకలో పెట్టుకొని మనిషే పోతాడు, పలానా వాళ్ళ కొడుకువా అంటారు, జిరాక్సు మసకగా ఉంటే ఒరిజినల్ తీసి చూపిస్తాడు, పనైపోతుంది. ఇక్కడ మనకంటే ముందు మన ఫైలు పోయి నిలబడాల. ఈ సంగతి ఎవరన్నా చెప్తే కదా తెలిసేది.

ఆ సాయంత్రం డ్యూటీ దిగంగానే వానికి ఫోన్ చేసినా. మాకు ఆరున్నర అంటే అక్కడ తొమ్మిది, అయినా ఏడురోడ్ల దగ్గర జిరాక్సు అంగడాయన ఇంకా షట్టర్ దించలేదు. వాన్ని ఆడికి పంపించి వీడియో కాల్‌లోనే ఆయనకు చెప్తాపోయినా. స్కాన్ ఎంత వివరంగా రావాలనే డీపీఐ 300 పెట్టన్నా, చాలు, 600 పెడితే సైజు పెరిగేదే గానీ మెమోలో కొత్తగా కనపడేదేం లేదు. ఉత్త అక్షరాలుండే పేజీలు గ్రే చెయ్, స్టాంపు, హోలోగ్రాం ఉండేటివి కలర్‌లో ఉంచు. పాస్‌పోర్టు ముందర, చదువు తర్వాత, ఎక్స్‌పీరియన్స్ చివర, అన్నీ కలిపి ఒకే ఫైలు. ఆయన ఒక మెమో కొంచెం వంకరగా వచ్చిందని నేను చెప్పకముందే మళ్ళీ తిప్పి పెట్టినాడు, "గల్ఫ్‌కు పోయే కాగితం గదన్నా" అని. ఇక్కడి టైపింగ్ సెంటర్లో అయితే తలెత్తి కూడా చూడరు, దినార్ తీసుకొని నెక్స్ట్ అంటారు. ఆ హెచ్‌ఆర్ ఆవిడ ఒకసారి కడపకు వచ్చి ఆ మనిషిని చూసి తర్వాత మాట్లాడాల.

అంగడి దగ్గర లేనోళ్ళు ఫోన్‌తోనే చేసుకోవచ్చు, గూగుల్ డ్రైవ్ యాప్‌లోనే స్కాన్ ఉంది, ఐఫోన్‌లో అయితే నోట్స్‌లో ఉంది. పగటిపూట కిటికీ దగ్గర, కింద ముదురు రంగు ఏదన్నా పెట్టుకుంటే అంచులు అదే పట్టుకుంటుంది. 2020 జూన్‌లో క్యామ్‌స్కానర్‌ను మన ప్రభుత్వం నిషేధించినా మావాళ్ళు ఏ యాప్‌తో తీసినా ఇంకా "క్యామ్‌స్కాన్ చెయ్" అనే అంటారు. వాట్సాప్‌లో పంపేటప్పుడు మటుకు ఫోటో కింద పంపొద్దు, నలిపేస్తుంది, డాక్యుమెంట్ అని అటాచ్ చేయాల. ఇంకోటి, ఫైళ్ళు కలిపేదానికి దొరికిన ఫ్రీ సైట్‌లో పాస్‌పోర్టు అప్‌లోడ్ చేయొద్దు సామీ, పీడీఎఫ్‌శామ్ లాంటి సాఫ్ట్‌వేర్ మన కంప్యూటర్లో వేసుకుంటే నెట్ లేకుండానే అయిపోతుంది. అకౌంట్ నెంబర్ దాయాలని పైన నల్ల డబ్బా గీసి పంపేవాళ్ళను చూసినా, చాలాసార్లు దాన్ని సెలెక్ట్ చేసి కాపీ కొడితే కింద నెంబర్ మొత్తం వచ్చేస్తుంది.

ఈ-ఆధార్‌తో వేరే గొడవ. పాస్‌వర్డ్ పేరులో మొదటి నాలుగు అక్షరాలు ఇంగ్లీషు పెద్దక్షరాల్లో, దాని పక్కన పుట్టిన సంవత్సరం, ఇది అందరికీ తెలుసు. తెరిచినాక అందులోని డిజిటల్ సంతకం దగ్గర ప్రశ్న గుర్తు చూసి మావాడు దొంగదేమో అని భయపడినాడు. ఏం లేదు, మన అడోబ్ రీడర్ ఆ సంతకం చేసినోళ్ళను ఇంకా నమ్మలేదంతే, దాని మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లోకి పోయి ఆ సర్టిఫికెట్‌ను నమ్మకమైన వాటిలో చేరిస్తే పచ్చ టిక్కు వస్తుంది. పాస్‌వర్డ్ తీసేయాలని ప్రింట్ టు పీడీఎఫ్ కొడితే మటుకు సంతకం పోయి ఉత్త బొమ్మ మిగుల్తుంది.

తెలుగు కాగితాలు ఇంకా కష్టం. మా పక్క డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కొట్టిన పీడీఎఫ్ చూసేదానికి ముత్యాల్లాగ ఉంటుంది, అందులోంచి ఒక ముక్క కాపీ చేసి వేరే చోట పెట్టండి, ఇంగ్లీషు గుర్తులు కలగలిసిన చెత్త వస్తుంది, వెతికితే ఒక్క పేరూ దొరకదు. ఏ కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగుగానే ఉండే యూనికోడ్‌లో కొట్టమని అడగాల. పాత చేతిరాత దస్తావేజులకు అదీ పనికి రాదు, స్కాన్ చేసి ఫైలు పేరులోనే సర్వే నెంబరు, సంవత్సరం, ఊరు పెట్టుకోవాల్సిందే.

దుప్పటి ఫైలు పోయి కొత్తది వచ్చినాక హెచ్‌ఆర్ ఆవిడ "రిసీవ్డ్" అని ఒక్క ముక్క రాసింది, సారీ గీరీ ఏం లేదు. మొన్న ఇంటికి ఫోన్ చేసినప్పుడు మన పొలం కాగితాలు కూడా ఇట్లే స్కాన్ చేయించి పేర్లు పెట్టిపెడదాం నాయనా అంటే, "ట్రంకుపెట్టెలో ఉండేదాన్ని నువ్వు యాడికి పోయి వెతుకుతావురా" అన్నాడు.