కుడిపక్క దిగలేదు

బాబు పుట్టిన తొమ్మిదో రోజున అమ్మ కాళ్ళు చాపుకుని, వాడిని పడుకోబెట్టి నూనె రాస్తూ, "కుడిపక్క చేతికేమీ తగలట్లేదేంటే?" అంది. కుడి వృషణం వృషణాల సంచిలోకి దిగలేదని డిశ్చార్జి కాగితంలో రాసే ఉంది. నోటితో మాత్రం మాకెవరూ చెప్పలేదు.

ఇక టెన్షన్ మొదలైంది. అత్తగారు గ్రహణం ఊసెత్తారు. మేం కంగారుపడి స్కాన్ చేయిస్తే అదీ ఏమీ తేల్చలేదు. తర్వాత కలిసిన పిల్లల సర్జన్ ఆ స్కాన్ కాగితం పక్కన పెట్టి, చేతులు రుద్దుకుని వెచ్చబరచుకుని, వేళ్ళతో మెల్లగా తడిమి, "గజ్జల్లోనే ఉందమ్మా. దీనికి స్కాన్ అక్కర్లేదు, చెయ్యి చాలు" అన్నారు. ఆ డబ్బులు దండగే.

నేను తినకూడనిదేమైనా తిన్నానా అని అడిగాను. ఆయన చీటీ వెనక బొమ్మ గీశారు. కడుపులో ఆరో వారం దాకా ఆడా మగా తేడా కనబడదట. అందరికీ ఒకే రకం గ్రంథులు, రెండు జతల గొట్టాలు. వై క్రోమోజోమ్ మీది ఎస్ఆర్‌వై జన్యువు పనిచేస్తే ఆ గ్రంథి వృషణం అవుతుంది. గర్భసంచి కావలసిన గొట్టాలను దాని హార్మోన్ ఒకటి కరిగించేస్తుంది, టెస్టోస్టిరాన్ రెండో జతను వీర్యనాళాలుగా నిలబెడుతుంది.

"మీవాడికి ఇదంతా సవ్యంగానే జరిగింది. ప్రయాణమే మధ్యలో ఆగింది" అన్నారు. వృషణం పుట్టేది మూత్రపిండాల దగ్గరట! కడుపులో ఏడెనిమిది నెలలప్పుడు గజ్జల్లోని సందుగుండా సంచిలోకి దిగుతుంది. దిగాక కూడా దానికి రక్తం ఆ పైనుంచే వస్తుంది, పుట్టింటి సారెలాగా.

నెలలు నిండి పుట్టిన మగపిల్లల్లో నూటికి సుమారు ముగ్గురికి ఇలా ఉంటుంది. చాలామందికి 6 నెలల్లోపు దానంతటదే దిగుతుంది. మేమూ చూశాం, స్నానం చేయించినప్పుడల్లా తడుముతూ. దిగలేదు. ఆ తర్వాత దిగే ఆశ తక్కువ కాబట్టి 18 నెలల్లోపు ఆపరేషన్ చేయించాలన్నారు. "పెద్దయ్యాక అదే దిగుతుంది" అని బంధువులు ఆపబోయారు. కానీ సంచి ఒంటి వేడికంటే రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉంటుంది. లోపలి వేడికి వీర్యకణాల తయారీ దెబ్బతింటుంది, ముందుముందు క్యాన్సర్ ముప్పూ కొంత ఎక్కువే.

పదకొండో నెలలో చేయించాం. నాకు కష్టమైంది ఆపరేషన్ కాదు, దానికి ముందు 4 గంటలు పాలు ఆపడం. వాడు నన్ను చూస్తే చాలు ఏడుస్తున్నాడు. వాళ్ళ నాన్న వరండాలో తిప్పుతుంటే నేను మెట్ల వెనక దాక్కున్నాను. గజ్జ దగ్గర ఒక చిన్న కోత, సంచి మీద ఇంకొకటి. అది దిగాల్సిన దారిలో పొర మూసుకోలేదట, పేగు అందులోకి జారి హెర్నియా రాకుండా దాన్నీ కట్టేశారు. సాయంత్రానికి ఇంటికొచ్చేశాం.

రెండు వారాలు చంకనెత్తుకోవద్దన్నారు. చంక దిగని పిల్లాడికి ఆ సంగతి చెప్పేదెవరు?

చివరి చెకప్‌లో, యుక్తవయసొచ్చాక తనే అప్పుడప్పుడు తడిమి చూసుకోవడం నేర్పమన్నారు. ఫైలు అట్ట మీద రాసిపెట్టాను. చెప్పే పని మాత్రం వాళ్ళ నాన్నది.