పదాలన్నీ తెలుసు, వాక్యమే అర్థం కాదు

విశాఖ ద్వారకానగర్‌లో సాయంత్రం ఏ టీ బండి దగ్గర నిలబడ్డా బ్యాంక్ ఎగ్జామ్స్ కోచింగ్ పిల్లలే, అందరిదీ ఒకటే గోల, ఇంగ్లీష్ సెక్షన్ దెబ్బేస్తోందని. మా అక్క కొడుకూ అంతే. వొకాబులరీ వాడికి నాకంటే ఎక్కువే వచ్చు, కానీ ఎడిటోరియల్‌లో నాలుగు లైన్ల వాక్యం తగిలితే చాలు "పిన్నీ, పదాలన్నీ తెలుసు గానీ వీడేం చెప్తున్నాడో తెలీట్లేదు" అంటాడు. ఇలాంటోళ్ళని ఇంకో వెయ్యి పదాలు బట్టీ పట్టమనడం శుద్ధ దండగ అని నా అభిప్రాయం.

చిక్కంతా వరసలో ఉంది. మనం "నిన్న పోర్టుకొచ్చిన ఓడ" అంటాం, ఓడ గురించి చెప్పాల్సిందంతా ముందే చెప్పేసి అప్పుడు ఓడ అంటాం. ఇంగ్లీష్‌లో ముందు ఓడ అనేసి, తర్వాత విచ్ అనో దట్ అనో పెట్టి మిగతాదంతా వెనకాల తోకలా తగిలిస్తారు. ఆ తోక పొడుగయ్యేకొద్దీ అసలు క్రియ దూరంగా పోద్ది, మనమేమో తోకలో కనపడ్డ క్రియనే పట్టుకుని కూర్చుంటాం.

స్కూల్ పుస్తకాల మొదట్లో రాజ్యాంగ ప్రవేశిక ఉంటుంది కదా, ఇంగ్లీష్‌లో అదంతా ఒకే ఒక్క వాక్యం. "వుయ్, ద పీపుల్ ఆఫ్ ఇండియా" అని మొదలై, దాని క్రియ ఎక్కడో చిట్టచివర 1949 నవంబర్ 26 తేదీ దాటాక గానీ రాదు: "డూ హియర్‌బై అడాప్ట్, ఎనాక్ట్ అండ్ గివ్". మధ్యలో "హావింగ్ రిజాల్వ్‌డ్" ఉంది, కానీ అది "నిర్ణయించుకుని" లాంటిది, మనకి తెలుగులో "నిర్ణయించుకుని" అని వినగానే ఇంకా ఏదో ఉందిలే అని ఆగుతాం కదా, ఇక్కడా అలాగే ఆగాలి. జస్టిస్, లిబర్టీ, ఈక్వాలిటీ మూడూ "టు సెక్యూర్"కి వేలాడుతున్నాయి, ఫ్రటర్నిటీకి మాత్రం విడిగా "టు ప్రమోట్" ఉంది. ముందు టు ఉన్నదీ, ఒంటరిగా ఇంగ్ తగిలించుకున్నదీ అసలు క్రియ కాలేవు, వాటిని పక్కన పెట్టేస్తే మిగిలేది "మేము ఈ రాజ్యాంగాన్ని మాకు మేమే ఇచ్చుకుంటున్నాం", అంతే. 1976లో 42వ సవరణతో సోషలిస్ట్, సెక్యులర్ అన్న మాటలు మధ్యలోకి ఎక్కించినా వాక్యం విరగలేదంటే కారణం ఇదే, వాక్యానికి ఎముకల్లాంటి ఆ అసలు మాటల జోలికి ఎవరూ పోలేదు.

ఇక విచ్, హూ కూడా మింగేసిన వాక్యాలుంటాయి, ఇవి ఇంకా దొంగవి. 2023 నవంబర్‌లో మన ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు తగలబడ్డాయి కదా, దాని మీదే నేనొకటి తయారుచేసి మావాడికిచ్చా: "ద ఫిషర్‌మెన్ టోల్డ్ అబౌట్ ద ఫైర్ రష్డ్ టు ద హార్బర్". వాడు "మత్స్యకారులు మంట గురించి చెప్పారు" దాకా దర్జాగా వచ్చి, రష్డ్ దగ్గర బ్రేకేశాడు. చెప్పింది వాళ్ళు కాదు, వాళ్ళకి ఎవరో చెప్పారు. టోల్డ్ ముందు "హూ వర్" ఎగిరిపోయింది, అది పెట్టుకుని చదివితే "మంట సంగతి ఎవరికి చెప్పారో ఆ మత్స్యకారులు హార్బర్‌కి పరిగెత్తారు" అని వచ్చేస్తుంది. రెండు క్రియలు కనిపించి మధ్యలో అండ్ గానీ కామా గానీ లేకపోతే మొదటిదాన్ని అనుమానించాల్సిందే, నూటికి నూరుసార్లు కాదనుకోండి, కానీ చాలాసార్లు దొరికిపోద్ది.

హాడ్‌తో మొదలయ్యేవి చూసి ప్రశ్న అనుకునేవాళ్ళూ చాలామందే. "హాడ్ వుయ్ నోన్ ఇట్స్ స్ట్రెంగ్త్, వుయ్ వుడ్ హావ్ లెఫ్ట్ ద సిటీ" అని 2014 హుద్‌హుద్ తుఫాను గురించి ఎవరైనా రాశారనుకోండి, చివర్లో ప్రశ్న గుర్తు లేదు, అంటే ఇఫ్ తీసేసి హాడ్‌ని ముందుకు లాగారు. దాని బలం తెలిసుంటే ఊరొదిలి వెళ్ళిపోయేవాళ్ళం, మనకి ఆ "ఉంటే" క్రియ చివర్న ఉంటుంది, వాళ్ళకి వాక్యం నెత్తి మీదుంటుంది. నో సూనర్, హార్డ్లీతో మొదలయ్యేవాటిలోనూ హాడ్ ఇలాగే ముందుకు దూకుద్ది గానీ అక్కడ "ఉంటే" కాదు, "అలా అయిందో లేదో" అని చెప్పుకోవాలి. ఎర్రర్ స్పాటింగ్, అంటే వాక్యంలో తప్పు పట్టుకోమనే ప్రశ్నలు, తయారుచేసేవాళ్ళకి ఇవంటే మహా ఇష్టం, నో సూనర్‌కి దాన్ రావాలి, హార్డ్లీకి వెన్ రావాలి, రెండూ తారుమారు చేసి అమాయకంగా ఇచ్చేస్తారు.