ముల్లు ఆనిన చోట

ముల్లు రికార్డు మీద ఆనగానే ముందు చిన్న చిటపట, ఆ వెంటనే గడియారపు టిక్కుటిక్కులా సన్నని డ్రమ్ మెషిన్ దరువు వినిపించాయి. లైటు వేయడం కూడా మరచిపోయి ఈ సాయంత్రం అలాగే కూర్చుండిపోయాను.

అది యంగ్ మార్బుల్ జెయింట్స్ బృందం 1980లో రఫ్ ట్రేడ్ అనే రికార్డు కంపెనీ ద్వారా విడుదల చేసిన ‘కలోసల్ యూత్’. వేల్స్‌లోని కార్డిఫ్‌కు చెందిన ఈ ముగ్గురూ చేసిన స్టూడియో ఆల్బమ్ ఇదొక్కటే. పంక్ రాక్ వెనకే వచ్చిన పోస్ట్ పంక్ సంగీతపు రోజుల్లో ఎందరో గొంతు చించుకుని పాడుతుంటే, ఆలిసన్ స్టాటన్ మాత్రం పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నట్టు పాడారు.

చాలా ఏళ్ల క్రితం మొదటిసారి విన్నప్పుడు ఇది నాకు సగం కట్టి వదిలేసిన ఇల్లులా తోచింది, అందుకే అరలో వెనక్కి నెట్టేశాను. ఈరోజు మాత్రం స్టూవర్ట్ మాక్సమ్ గిటార్ తీగలను అరచేతితో అదిమిపట్టి ప్రతి స్వరాన్నీ పుట్టీపుట్టగానే ఆపేస్తుంటే, ఆ ఖాళీలోకి అతని తమ్ముడు ఫిలిప్ బేస్ గిటార్ మెల్లగా నడిచి వచ్చి రాగాన్ని అందుకోవడం స్పష్టంగా వినిపించింది. అప్పుడు లోటనుకున్న ఆ ఖాళీని వాళ్లు కావాలనే అంత జాగ్రత్తగా కాపాడుకున్నారని ఇప్పుడు అర్థమవుతోంది.

నిర్వాణ అనే రాక్ బృందంతో అంతటి హోరు సృష్టించిన కర్ట్ కొబేన్ కూడా తనకు ఇష్టమైన ఆల్బమ్‌ల జాబితాలో దీన్ని రాసుకున్నారు. ఎందుకో అది నాకు ఎంతో సహజంగా అనిపిస్తుంది.

అదే అరలో ది సౌండ్ బృందం ‘జెపర్డీ’ కూడా దొరికింది, అదీ 1980దే. దుమ్ము తుడిచి, రేపటి కోసం ప్లేయర్ పక్కనే పెట్టుకున్నాను.